సీలయ్య దిగిన నీళ్ళు

పొద్దున్నే టీ పెట్టి, కాలేబ్ నడిచిన చోటల్లా పొడిగుడ్డతో తుడుచుకుంటూ వెళ్ళడం అబిగైల్‌కి అలవాటైపోయింది. అతను మంచం దిగి స్నానాల గదికి వెళ్తే ఆ దారంతా తడి. గుడ్డ పిండితే ఉప్పునీళ్ళు. అప్పటికి నీళ్ళు అతని పిక్కల దాకా వచ్చాయి. ప్యాంటు ఆ ఎత్తు వరకు తడిసి ఒంటికి అతుక్కునేది. ఎంత ఆరబెట్టినా, ఏ ప్యాంటు మార్చినా అంతే.

గల్ఫ్‌లోని సహం అనే ఊళ్ళో వాళ్ళుండే రూమ్ కింద చాంద్ బీ టైలరింగ్ షాపు ఉంది. కడప మనిషి. కాలేబ్ మెట్లు దిగుతుంటే మిషన్ ఆపి పాదాల వైపు చూసేది.

"యాడి దాకా వచ్చిండాయి నాయనా నీళ్ళు?"

"మోకాళ్ళ కిందకి, చాచీ."

"బొమ్మ గీసేటోళ్ళు బిరబిరా గీస్తాండారే" అని ఒక పాత తువ్వాలు అతని చేతికిచ్చి మళ్ళీ కుట్టుకునేది.

కాలేబ్ చేపల కోల్డ్ స్టోరేజ్‌లో కంప్రెసర్ మెకానిక్. అక్కడి మేనేజరు అతనికి గమ్‌బూట్లు ఇప్పించి, కరెంటు పనులు మాత్రం జీషాన్ అనే ఇంకో మెకానిక్‌కి అప్పజెప్పాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

అడక్కుండానే అన్నీ తెలిసినది అబిగైల్ ఒక్కతే. ఆ నీళ్ళు ఆమె రాసినవి.

ఆమె ఒక క్లినిక్‌లో నర్సు. నరసాపురం దగ్గర పుట్టింది. డ్యూటీ బస్సులో వస్తూ పోతూ ఫోన్లో కథ రాసుకునేది. సముద్రం అడుగున ఉప్పుతో కట్టిన కోట, దాని తలుపు తెరుచుకుంటే ఊళ్ళు మునిగిపోవడం, ఆ తలుపు కోసం తరతరాల యుద్ధం. అలా అలా అయిదు నవలలయ్యాయి. విజయవాడలో అచ్చయ్యాయి. టోక్యోలో ఉంటున్న నాదియా అనే హైదరాబాద్ అమ్మాయి వాటిని ఇష్టపడి జపనీస్‌లోకి అనువాదం చేసింది. రెండేళ్ళకి అక్కడి ఒక స్టూడియో ఆ నవలలన్నీ కలిపి బొమ్మల సినిమా తీస్తామంది.

ఆ కథలో దీపాలు వెలిగించే సీలయ్య అనే మనిషి ఉన్నాడు. నడక కాలేబ్‌దే. ఆలోచనలో పడితే చెవి తమ్మె పట్టుకోవడం కూడా కాలేబ్‌దే. చివరి నవలలో తలుపు మూయడానికి సీలయ్య నీళ్ళలోకి దిగుతాడు. ఆ అధ్యాయం చివర రెండే వాక్యాలు: "అతను దిగాడు. తిరిగి రాలేదు."

ఆ మాటలు ఆమె తుఫాను వచ్చిన ఏడాది రాసింది. షాపులోకి వరద వచ్చినప్పుడు చాంద్ బీని తీసుకురావడానికి కాలేబ్ నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. అబిగైల్ మెట్ల మీద గంటసేపు నిలబడింది. అతను వచ్చాడు, ముసలమ్మను వీపున వేసుకుని మరీ వచ్చాడు. కానీ ఆ గంట ఆమెలోంచి పోలేదు. కాగితం మీద పెడితే పోతుందనుకుంది. కాలేబ్ అది చదివి, "నన్ను చంపేశావేంటే" అని నవ్వాడు. "కథకి కావాలండీ" అంది. రాసినప్పుడు అతనికి ఏమీ కాలేదు. సీలయ్య ఎలా ఉంటాడో చూపించమని స్టూడియో అడిగితే కాలేబ్ నడుస్తున్న వీడియో పంపింది. అది చూసి గీయడం మొదలుపెట్టాక నీళ్ళు వచ్చాయి.

ఆ దృశ్యం గీస్తున్నది ఫుమి అనే డెబ్భై ఏళ్ళావిడ. అంతా చేత్తోనే గీస్తుంది. ఆవిడ పని చేసిన రోజు నీళ్ళు రెండు వేళ్ళు పెరిగేవి. ఆదివారం సెలవు కాబట్టి ఆగేవి. అబిగైల్ వారమంతా ఆదివారం కోసం ఎదురుచూసేది.

నీళ్ళు నడుం దాటాక కాలేబ్‌ని క్లినిక్‌కి తీసుకెళ్ళింది. డాక్టర్ గారు ఊపిరి విని, తేమ ఎంతవరకు ఉందో చీటీలో రాశారు. "ఛాతీ దాటితే కూర్చునే పడుకోమనండి సిస్టర్. చలికి దుప్పటి కప్పండి" అన్నారు. మందేమీ రాయలేదు.

బొడ్డు మీదికి వచ్చేసరికి అతని పెదాలు నీలంగా మారాయి. అన్నం ముందు కూర్చుని వణికేవాడు. అబిగైల్ నాదియాకి ఫోన్ చేసింది.

"సీలయ్యని దింపొద్దని చెప్పమ్మా. తలుపు దానంతటదే మూసుకుందని రాసిస్తాను."

"అడిగిన అక్కా. డైరెక్టర్ ఒప్పుకుంటలేడు. ఆ రెండు వాక్యాల కోసమే ఈ సినిమా ఒప్పుకున్నడంట. దిగుడు, తిరిగి రాకపోవుడు, ఈ రెండూ ఉండాల్సిందే అంటుండు. మిగతాది మీ ఇష్టం."

"మా ఆయనకి బొడ్డు పైకొచ్చాయని చెప్పావా?"

"చెప్పిన. అవును, ఇప్పుడు బొమ్మలో కూడా అంతే ఉన్నయన్నడు."

ఆమె ఫోన్ పెట్టేసింది. కాలేబ్ తడి దుప్పటి తీసి పక్కన పెట్టి అన్నాడు. "అబీ, నా ప్రావిడెంట్ కాగితాలు అల్మరాలో పై అరలో ఉన్నాయి."

"అలాంటివి చెప్పకండి."

"ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలిగా." చెవి తమ్మె పట్టుకున్నాడు. "మునిగేటప్పుడు నొప్పి ఉంటుందా? నువ్వు రాశావా అది?"

రాయలేదు. ఆమె పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసింది. ఎన్నిసార్లు చదివినా రెండే వాక్యాలు. చచ్చిపోయాడని ఎక్కడా లేదు. మునిగాడనీ లేదు. తిరిగి రాలేదు, అంతే. తిరిగి రానివాడు ఇంకెక్కడికైనా వెళ్ళి ఉండొచ్చు కదా.

క్లినిక్‌కి సెలవు చెప్పి అప్పటికప్పుడు మూడు వాక్యాలు రాసింది. సీలయ్య తలుపు మూసి, అవతలి వైపుకి ఈది, తనకు పేరు తెలియని ఒక ఒడ్డున లేచి నిలబడ్డాడు. నాదియా అనువదించి చూపిస్తే డైరెక్టర్ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. తెర మీద పేర్లన్నీ పడ్డాక, చివర్లో ఆరు సెకన్లు. కానీ ఒక షరతు: ఒడ్డు సహం కాకూడదు. తిరిగి రాలేదన్న మాట నిలబడాలి.

"ఇంకోటి అక్కా" అంది నాదియా. "ఫుమి గారు వరసలనే గీస్తరు. సీలయ్య తల మునిగేదంతా ఈ గురువారం ఒక్కరోజే. ఒడ్డు గీసేది వచ్చే నెల."

అప్పటికి నీళ్ళు కాలేబ్ మెడకింద ఉన్నాయి.

అబిగైల్‌కి అది అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఒక నెల. నీళ్ళకింద ఒక నెల. "ఆవిడతో మాట్లాడించు" అంది. మంగళవారం ఉదయం వీడియో కాల్ కలిపారు. ఫోన్లో తెల్లజుట్టు ఆవిడ, చేతిలో పెన్సిల్. యాభై ఏళ్ళుగా ఏ ఒక్క బొమ్మా వరస తప్పి గీయలేదని నాదియా ముందే చెప్పింది. అబిగైల్ ఫోన్ కాలేబ్ వైపు తిప్పింది.

గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా కాలరు దాకా తడి. గడ్డం పైకెత్తి ఊపిరి తీసుకుంటున్నాడు. ఎదురుగా ఎవరో పెద్దావిడ కనబడేసరికి అలవాటుకొద్దీ, "వందనాలమ్మా" అన్నాడు.

ఫుమి అతని తడి కాలరు చూసింది. పెన్సిల్ కింద పెట్టి, తన మెడ ఒకసారి తడుముకుంది. ఏదో మెల్లగా అంది.

"ముందు ఒడ్డే గీస్తరంట అక్కా" అంది నాదియా. "ఏ ఒడ్డని అడుగుతున్నరు. మీరు రాయలేదు కదా."

"ఆవిడకి తెలిసిన ఒడ్డు ఏదైనా ఉందా?"

"చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేపలు పట్టిన ఊరు ఉందంట."

"అది చాలు."

ఫుమి ఒడ్డు గీసిన బుధవారమంతా నీళ్ళు పెరగలేదు. గురువారం ఏడున్నరకి ఇద్దరూ ఉప్మా ముందు కూర్చున్నారు. నీళ్ళు అతని గడ్డం ఎక్కాయి, పెదవి ఎక్కాయి. అతను అబిగైల్ చెయ్యి పట్టుకున్నాడు. జుట్టు తడిసింది. పట్టు ఇంకా గట్టిగానే ఉంది. ఆ తర్వాత ఆమె అరచేతిలో నీళ్ళు మాత్రం ఉన్నాయి. కుర్చీ ఖాళీ. నేల, రెండు నెలల తర్వాత, పొడిగా ఉంది.

చాంద్ బీ పైకొచ్చి ఆమె పక్కన కూర్చుంది. పగలంతా అలాగే కూర్చుంది. షాపు తెరవలేదు. అబిగైల్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, మెట్ల మీద నిలబడ్డ ఆ గంట ఎంత చిన్నదో అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అబీ, ఇక్కడ చలిగా ఉందే. ఎవరో జాలరి కోటు ఇచ్చాడు. మాట తెలియడం లేదు."

ఆమె ఏడవలేకపోయింది. "ఒంటి మీద నీళ్ళున్నాయా?" అని అడిగింది.

"లేవు."

అక్కడి మన ఎంబసీ వాళ్ళు కాగితాలు ఇచ్చారు. మూడుసార్లు విమానం ఎక్కాడు. మూడుసార్లూ విమానం సముద్రం మీద కొంతదూరం వచ్చి మళ్ళీ అక్కడికే వెళ్ళి దిగింది. మూడోసారి కౌంటర్‌లో అమ్మాయి అతని పేరు చూసి, మర్యాదగా, ఇక టికెట్ కొనొద్దంది.

అబిగైల్ క్లినిక్‌లో రాజీనామా ఇచ్చింది. రెండు తువ్వాళ్ళు తప్ప ఇంట్లో సామానంతా చాంద్ బీ అమ్మిపెట్టింది. నాదియా వీసా పనులు చూసింది. ఫుమి వాళ్ళ నాన్న ఊళ్ళో చేపల మంచుగోదాము ఉందనీ, కంప్రెసర్లు పాతవనీ, కాలేబ్ అప్పుడే పనిలో చేరాడనీ చెప్పింది.

బస్సు దిగేసరికి సన్నగా మంచు పడుతోంది. అతను స్టాపులో నిలబడి ఉన్నాడు, ఎవరిదో పొడవాటి కోటులో. ఆమె ముందు అతని ముఖం చూడలేదు. బూట్లు చూసింది, వాటి కింద రోడ్డు చూసింది. తర్వాత పెట్టె వదిలేసి అతని మణికట్టు పట్టుకుని, వేళ్ళతో నాడి వెతికి, నిమిషం పాటు లెక్కపెట్టింది. డెబ్భై రెండు.

"బానే ఉన్నాను అబీ, పద. చలేస్తోంది" అన్నాడు కాలేబ్.

"ఉండండి" అని ఆమె మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.