పసుపు లైటు చెప్పిన మాట

ఆ నవంబరులో నా గొర్రెల మందకు పొట్టేలు కావాల్సి వచ్చింది. ఆర్డిస్ అక్క తన నల్లమూతి పొట్టేలును నెల రోజులు ఇస్తానంది. మా ఇళ్ల మధ్య నలభై మైళ్ల కంకర రోడ్డు. అమెరికాలోని మా మోంటానాలో అది పక్కిల్లు కిందే లెక్క.

అక్కకు డెబ్బై ఒకటి. పికప్పు ఆమెదే, నడిపేదీ ఆమే. వాళ్లన్న ఎల్డన్ గారికి డెబ్బై ఆరు. ఆయన పక్క సీట్లో కూర్చుని, బండి ఎలా నడపాలో చెబుతూ ఉంటారు.

మొదటి మంచు పడ్డ ఉదయం ఆ బండిలో స్టీరింగు వెనక పసుపు లైటు వెలిగింది. ఏదో టైరులో గాలి తగ్గిందని దాని అర్థం. ఎల్డన్ గారు గాలి కొలిచే గేజ్ పట్టుకుని నాలుగు టైర్లూ చూశారు. చలికి కాస్త తగ్గితే నింపారు. లైటు ఆరలేదు. మర్నాడు మళ్లీ చూశారు, ఆ మర్నాడూ చూశారు. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి, లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఇది అబద్ధాల లైటు," అన్నారాయన.

"దానికి నీతో అబద్ధమాడాల్సిన అవసరమేంటి అన్నయ్యా? ఇప్పుడే కొత్తగా వెలిగింది, నీ సంగతి దానికింకా తెలీదు కూడా," అంది అక్క.

"యాభై ఏళ్లుగా టైర్లు మారుస్తున్నా. నాకు బల్బు పాఠం చెప్పాలా?"

మూడో వారం ఆయన ఆ లైటు మీద నల్ల టేపు ముక్క అంటించేశారు.

"తలనొప్పికి కళ్లకి గంతలు కట్టినట్టుంది నీ వైద్యం," అంది అక్క. అయినా టేపు పీకలేదు.

శనివారం పొద్దున్నే పొట్టేలును వెనక కటకటాల్లోకి ఎక్కించి బయల్దేరారు. పదిన్నరకల్లా రావాల్సిన వాళ్లు పన్నెండైనా రాలేదు. ఆ దారిలో సగం దూరం ఫోన్లు పలకవు. గాలి పంపు, పంక్చర్ సామాను బండిలో వేసుకుని ఎదురెళ్లాను.

ఇరవై మైళ్ల దగ్గర కనిపించారు. కంకర రాయి కోసి ముందు టైరు నేలకంటుకుపోయింది. దానికి జాకీ పెట్టి ఉంది. ఎల్డన్ గారు బండి వెనక కింద దూరి వెల్లకిలా పడుకున్నారు, బూట్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. పైన పొట్టేలు ఆయన తలకు సరిగ్గా ఎగువన గిట్టలతో దరువేస్తోంది. అక్క కోటు కప్పుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, బండితో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం చదువుతోంది.

"ఏమైంది అక్కా?"

"టైరు పోయింది. బండి కింద వేలాడే స్టెప్నీ దించుదామని దూరాడు. దించాడు కూడా. చూస్తే దాన్లోనూ గాలి లేదు. అప్పట్నుంచీ పైకి రావట్లేదు."

"స్టెప్నీ గొలుసు చూస్తున్నా," అన్నాయి బూట్లు.

"గంట నుంచీ చూస్తున్నాడు. నెట్టీ, ఇది విను. నూటతొంభై రెండో పేజీ." అక్క కళ్లజోడు సర్దుకుని, చర్చిలో చదివినట్టు నిదానంగా చదివింది. "ఈ హెచ్చరిక దీపము నాలుగు చక్రములతో పాటు అదనపు చక్రమును కూడా గమనించుచుండును."



"మళ్లీ చదువు," అన్నారు ఎల్డన్ గారు.

అక్క మళ్లీ చదివింది. 'అదనపు' దగ్గర కాస్త ఆగి, ఒత్తి పలికింది.

ఆయన బయటికొచ్చారు. వీపు నిండా దుమ్ము, చెవులు ఎర్రగా కంది ఉన్నాయి. నా మొహంలోకి చూడకుండా, "పంపు తెచ్చావా అమ్మా?" అన్నారు. తెచ్చానన్నాను. నేను స్టెప్నీకి గాలి పడుతుంటే ఆయన పక్కనే చతికిలబడి, మెల్లగా, "ఐదోది కూడా ఉందని మర్చిపోయాను," అన్నారు. పొరపాటు తనదని ఆయన ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. అక్కకూ ఆ మాట వినబడినట్టే ఉంది. దిగొచ్చి, తన కోటు ఆయన భుజాల మీద వేసింది.

చక్రం మార్చుకుని మా ఇంటికొచ్చాం. పొట్టేలు దిగీ దిగగానే, కనీసం వెనక్కి చూడకుండా ఆడగొర్రెల వైపు నడిచింది. కోసుకుపోయిన టైరుకు నేను పంక్చర్ వేసి, గాలి నింపి, స్టెప్నీ చోట బిగించాను. ఎల్డన్ గారు గోరుతో టేపు పీకారు. రెండు మైళ్లు తిప్పి తెచ్చేసరికి లైటు ఆరిపోయింది. పిండిలో వేయించిన మాంసం, బంగాళాదుంపలు తిని, రెండేసి కప్పుల కాఫీ తాగి, పొద్దుండగానే బయల్దేరారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"దారంతా పుస్తకం అన్నయ్య ఒళ్లోనే ఉంది నెట్టీ. మొదటి పేజీ నుంచి మొదలెట్టాడు. బండి ఎలా నడపాలో ఒక్కసారీ చెప్పలేదు. ఎనభయ్యో పేజీ దగ్గర, 'ఆర్డీ, ఆ మూడు వంకర గీతల బటన్ నొక్కు,' అన్నాడు. నొక్కాను. సీటు వెచ్చబడింది."

"ఇన్నాళ్లూ అదేంటనుకున్నారు అక్కా?"

"ట్రాలీ లాగేటప్పుడు వాడేదని మా అన్నయ్యే చెప్పాడు. నాలుగు చలికాలాలు గడ్డకట్టుకుపోయి కూర్చున్నాను," అంది అక్క. "ఉండు, రెండో కాఫీ కావాలంటున్నాడు. ఇంకా చదువుతూనే ఉన్నాడు."