దశరథం బిగించిన బోల్టులు

గంగుబాయికి జీపు నడపడం రాదని ఆసిఫాబాద్‌లో ఎవరైనా అన్నారంటే, వాళ్లు నా జీపు ఎక్కని వాళ్లే అయి ఉండాలి. ఎక్కినవాళ్లు అనరు. కెరమెరి కొండెక్కే ఘాటు మలుపుల్లో నేను గేరు మార్చే తీరు చూసి నోరు మూసుకుంటారు. కొందరు కళ్లు కూడా మూసుకుంటారు, అది వేరే సంగతి.

మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఆ జీపును మా ఆయన కైలాసం కొని తెచ్చాడు. నడపడం నాకు ఆయనే నేర్పాడు. ఆయన జ్వరంతో పోయాక నేనే లైసెన్సు తెచ్చుకున్నాను. వారానికోసారి సంత జరిగే అంగడి రోజున వ్యాపారం చేసుకునేవాళ్లను, వాళ్ల ఉల్లిగడ్డ బస్తాలను, మిరపకాయల మూటలను ఘాటు ఎక్కించి జైనూరు చేర్చడం మొదలుపెట్టాను. లైసెన్సుకు పోయిన రోజు ఆఫీసులో రాసుకునేవాళ్లంతా కలాలు పక్కన పడేసి కిటికీ దగ్గరికి వచ్చారు. చూడండి బాబూ, తనివి తీరా చూడండి అని ఇంకో చుట్టు తిప్పి మరీ చూపించాను. నాది పెన్‌గంగ నది అవతలి మరాఠీ ఊరు. సిగ్గుపడడం మా అమ్మ నాకు నేర్పలేదు.

ఆ ఎండాకాలం జీపుకు ఒకటే రోగం. ఇంజనును చట్రానికి పట్టి ఉంచే బోల్టులు పుటుక్కున విరిగేవి. ఒకటి వేస్తే ఇంకొకటి పోయేది. విరిగినప్పుడల్లా నా మరిది దశరథం వచ్చేవాడు. అతనిది కమ్మరి కొలిమి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడంలో, ఇరుసు చేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. పానాకు పొడుగాటి గొట్టం తగిలించి, కాలు చట్రానికి తన్నిపెట్టి, పళ్లు కొరుకుతూ బోల్టు బిగించేవాడు.

"ఇగ సూడు వదినె, ఏనుగొచ్చి గుంజినా కదలది" అనేవాడు.

నిజమే, కదిలేది కాదు. విరిగేది.

ఒక అంగడి నుంచి తిరిగి వస్తుంటే రెండు పక్కలా ఒకేసారి పోయాయి. కుడివైపు బోల్టు సగానికి విరిగి, ముక్క ఇంజనుకు బోల్టు దూరే చెవిలోనే ఉండిపోయింది. ఎడమవైపు మరలన్నీ అరిగిపోయి బోల్టు వేలితో తిప్పినా ఊరికే తిరుగుతోంది. ఇంజనును తాళ్లతో కట్టి, జీపును ఎడ్లబండికి తగిలించుకుని ఊళ్లోకి వచ్చాను. దారి పొడుగునా జనం నిలబడి చూశారు. ఎడ్లు కూడా వెనక్కి తిరిగి చూశాయనే నా అనుమానం.

ఆ సాయంత్రమే దశరథం తన తల్లి, మా అత్త బుచ్చవ్వ ముందు పంచాయితీ పెట్టాడు.

"అమ్మేద్దామవ్వా. జీపు ఇనుము ముసల్దైంది. ఘాటుల ఇంజను ఊడి పడితె ఎట్ల? అన్న పాయె. వదినె గూడ పోతె మనమేం జేస్తం?"

"ముసల్దైంది ఇనుము గాదు, నీ తెలివి" అన్నాను నేను.

"కోపం జెయ్యకు వదినె. ఇంట్ల కూసో. నేను లేనా? తిండికి తక్కువ జేస్తనా?"

చెయ్యడు. దశరథం మంచివాడు, అదే నాకు మంట. చెడ్డవాడైతే తిట్టి బయటపడొచ్చు. జీపు ఉంటే నేను గంగుబాయిని, ఘాటు అవతల కూడా పేరు తెలిసిన మనిషిని. జీపు పోతే ఆ ఇంట్లో ఒక మూల కూర్చుని, పెట్టింది తిని, అడిగింది చేసే విధవ వదినెను. నేను బతకగలను కానీ అలా బతకలేను.

మా అత్త ఇద్దరి మాటా విని, నోట్లో పొగాకు ఉమ్మివచ్చి తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో చివరి మాట ఆమెదే.

"వచ్చే అంగడికి జీపు ఘాటు ఎక్కాలె. నేను గూడ కూసుంట. ఎక్కితె గంగుది. నడుమల చెడిపోయి నిలవడితె అమ్ముడే. ఇగ లొల్లి పెట్టకుండ్రి."

"నువ్వెందుకవ్వా, గంత ఎత్తుకు?" అన్నాడు దశరథం భయంగా.

"తీర్పు చెప్పినదాన్ని నేనే, సూడకుంటె ఎట్ల?"

"అయితె నేనూ వస్త. పానా పట్టుకోని."

మర్నాడు పొద్దున్నే జీపు కిందికి దూరాను. అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుంది. లోపల ఇరుక్కున్న ముక్కకు ముందే కిరసనాయిలు పట్టించి నానబెట్టాను. ఉలి మొన ఆనించి, ఊడే దిక్కుగా చిన్నగా తట్టి చూశాను. కదల్లేదు.

"గట్టిగ కొట్టరాదే" అంది అత్త.

"గట్టిగ జేసే గదా అత్తా, నీ కొడుకు ఈడిదాంక తెచ్చింది."

అప్పుడు చేతి బర్మాతో ముక్క నడిమధ్యన బొక్క వేశాను. అరిగిపోయిన ఆకురాయి ఒకటి ఉంటే, దాని సన్నటి తోకను ఆ బొక్కలో దిగగొట్టి, పానాతో పట్టి ఎడమకు తిప్పాను. కిర్రుమంది. ఇంకాస్త తిప్పాను. వదులైన పన్నులా ముక్క ఊడి నా చేతిలో పడింది. "అగబాయి!" అని మా మరాఠీలో నేను అరిచిన అరుపుకు అత్త పీట మీద నుంచి లేచి నిలబడింది. మరలు అరిగిన పక్కకు జిన్నింగు మిల్లు ఫిట్టరు దగ్గర మర కోసే ట్యాపు అరువు తెచ్చి, పాత బొక్కను కాస్త పెద్దది చేసి కొత్త మరలు కోశాను. కొంచెం లావు బోల్టు తిప్పి చూస్తే బుద్ధిగా కూర్చుంది.

అయినా మనసు ఒప్పుకోలేదు. బోల్టు మార్చడం దశరథానికీ వచ్చు. అసలు ఎందుకు విరుగుతోంది? సీటు మీద కూర్చునే మనిషిని నేను, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పోయిన వానాకాలం దాకా ఇంజను తన వణుకు తను వణికేది. ఆ తర్వాత ఆ వణుకు స్టీరింగు పట్టుకుని నా దవడ దాకా రావడం మొదలైంది. అంగడికి పోయి వస్తే పళ్లు గుంజేవి. జాకీ పెట్టి ఇంజనును కాస్త లేపి, దాని కింద వేలు పెట్టి తడిమాను. మెత్తగా తగలాల్సిన చోట చల్లగా తగిలింది.

అక్కడ రెండు పక్కలా నల్లటి రబ్బరు దిమ్మలు ఉండేవి. నూనె తగిలితే చీకిపోతాయని మా ఆయన వాటిని నాతో తుడిపించేవాడు. ఇప్పుడు వాటి చోట ఇనుప బిళ్లలు ఉన్నాయి. కొలిమిలో కాల్చి, సుత్తితో సాపు చేసి, అంచులు ముద్దుగా అరగదీసిన బిళ్లలు. ఆ పనితనం ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేదు.

రబ్బరు పాడైతే తీసేసి ఇనుము పెట్టాడన్నమాట. బండ్లు చేసేవాడి బుద్ధి అది. బండిలో కదిలేదల్లా లోపమే, బిగించాల్సిందే. కానీ ఇంజను ఇరుసు కాదు. నడుస్తున్నంతసేపూ వణుకుతుంది. ఆ వణుకును మింగడానికి కింద మెత్తనిది లేకపోతే బోల్టే మింగాలి. ఎన్నాళ్లని మింగుతుంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

నా కోపం నెత్తికెక్కింది. జీపును తనే చెడగొట్టి, జీపే చెడ్డదని, అమ్మేద్దామని నాకు బుద్ధులు చెప్తాడా! అత్త అప్పటికి జొన్నరొట్టెలు చేయడానికి లోపలికి పోయింది కాబట్టి బతికిపోయాడు. అప్పుడే కొలిమికి పోయి కడిగేద్దామనుకుని ఆగాను. ఘాటు ఎక్కనీ. పైన, వాళ్లవ్వ ముందు, అంగడి జనం ముందు కడుగుతాను. ఆ రోజు నుంచి తిట్లు పోగుచేసుకున్నాను. తెలుగువి చాలకపోతే మరాఠీవి కలుపుకున్నాను.

బిళ్లలు ఊడదీసి, టైరు చెప్పులు కుట్టే రాజం దగ్గరికి పోయాను.

"లారీ టైరుల రెండు ముక్కలు గోయి రాజం, గీ కొలతకు. జర మందంగ."

"గింత మందమా? ఎవల కాలుకు బాయీ?"

"జీపు కాలుకు."

రాజం నవ్వాలో వద్దో తెలియక నా మొహం చూస్తూనే ముక్కలు కోసి, నడుమ బొక్కలు వేసి ఇచ్చాడు. వాటిని ఇంజను కింద పెట్టి, వదులు కాకుండా స్ప్రింగు వాషర్లు వేసి, బోల్టులు ఎక్కించాను. రబ్బరు కాస్త నొక్కుకునేదాకా బిగించి ఆపేశాను. ఆ ఆపడమే కష్టం. చెయ్యి ఇంకో తిప్పు, ఇంకో తిప్పు అని అడుగుతుంది.

అంగడి రోజు వచ్చింది. ముందు సీట్లో నా పక్కన అత్త, వెనక బస్తాల మధ్య జనం, వాళ్ల మధ్య ఒళ్లో పానా పెట్టుకుని దశరథం. దారంతా అతను చెవి ఇంజను మీదే పెట్టాడు. నేను చూడనట్టు చూస్తూనే ఉన్నాను. ఘాటులో అన్నిటికన్నా నిటారు మలుపు దగ్గర ఎదురుగా కట్టెల బండి దిగుతూ వచ్చింది. దారి ఇవ్వడానికి బ్రేకు వేసి ఆపక తప్పలేదు.

"గిది లెక్కకు రాదు. ఎడ్లకు తొవ్వ ఇచ్చినం" అంది అత్త వెంటనే.

దశరథం కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టాడు. ఊరుకుంటే అతను దశరథం ఎందుకవుతాడు, బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తూనే ఉంది. వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. తన బిళ్లలు లేవు, నల్లటి రబ్బరు ఉంది, దాని మీద ఇంజను తలూపుతోంది. చట్రం మీద చెయ్యి పెట్టాడు. దానికి వణుకు రావడం లేదు. తర్వాత బానెట్ మెల్లగా దించి వచ్చి ఎక్కాడు.

ఎత్తులో నిలబడ్డ బండిని నిండు బరువుతో కదిలించడం కంటే బోల్టులకు పెద్ద పరీక్ష లేదు. మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. జీపు ఒక్కసారి ముందుకు ఉలిక్కిపడింది. వెనక ఎవరో దేవుణ్ని తలుచుకున్నారు. పుటుక్కుమనలేదు. ఆ మలుపు ఎక్కాం, దాని మీది మలుపు ఎక్కాం. ఘాటు పైకి వచ్చి జీపు ఆపేసరికి నా దవడ నా దగ్గరే ఉంది, ఏ నొప్పీ లేదు.

జనం దిగి నీళ్లు తాగుతున్నారు. అత్త కూడా దిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని కొడుకును అడిగింది.

"ఎక్కింది గదరా. మరి ఇన్ని దినాలు ఎందుకు ఇరిగినయ్? జీపుకేం రోగముండె?"

నా గడియ వచ్చింది. గొంతు సవరించుకుని ముందుకు వచ్చాను.

"జీపుకేం రోగం లేకుండె అవ్వా" అన్నాడు దశరథం నాకంటే ముందు. అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు. "నేనే చెడగొట్టిన. రబ్బరు తీసి ఇనుము పెట్టిన. ఇరిగినకొద్దీ ఇంకింత బిగించిన. వదినె బాగుజేసింది."

నీళ్లు తాగుతున్నవాళ్లు చెంబులు దించి చూశారు. అతను తల దించలేదు.

"మరి నేనేం జేద్దునవ్వా? అన్న పొయ్యేటప్పుడు వదినెను సూసుకోమన్నడు. నాకు జీపు తోలుడు రాదు. వదినెకు మాట చెప్పుడు అసలే రాదు. బిగించుడొక్కటే వస్తది. ఘాటుల ఏడ ఊడిపోతదో, మనిషి ఏడ పడిపోతదో అని, ఎంత భయమైతె గంత బిగించిన."

మా అత్త కొడుకును చూసింది. "జీపు గంగుది" అని మాత్రం అని, కొంగుతో మొహం తుడుచుకుంది.

అన్ని రోజులు పోగుచేసిన తిట్లలో ఒక్కటి కూడా బయటికి రాలేదు.

"ఎక్కు" అన్నాను దశరథంతో. అంతకు మించి ఒక్క మాట మాట్లాడినా ఏడ్చేదాన్ని. అంగడి జనం ముందు ఏడ్చే అలవాటు నాకు లేదు.