పక్కసీటు కింద బ్రేకు

నేను ఒక డ్రైవింగ్ స్కూలు కారుని. పుట్టడం మామూలు కారుగానే పుట్టాను. సన్యాసయ్య మాస్టారు కొన్నాక పక్కసీటు కింద ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చి పెట్టించి, నెత్తిన ఎర్రక్షరాల బోర్డు తగిలించారు. అప్పట్నుంచి నాకు ఒళ్లు తెలియలేదు.

పదహారేళ్లలో నన్నెక్కి పరీక్ష తప్పినవాడు లేడు. ఒక పెద్దమనిషి భయంతో స్టీరింగు వదిలేసి దండం పెట్టుకుంటే, నేనే ఎనిమిది అంకె చుట్టొచ్చి నీడ చూసుకుని ఆగాను. నమ్మకపోతే మీ ఇష్టం. అసలు సంగతి చెప్పుకోవాలంటే సిగ్గు. పరీక్షలో మాస్టారు పక్కనే కూర్చుని పంచె చాటున ఆ రెండో బ్రేకు, క్లచ్చి తొక్కేవారు. రేకుల షెడ్డులో కుర్చీ వదలని ఇనస్పెక్టరుగారికి పంచె కనబడేది గానీ పాదం కనబడేది కాదు.

అలాంటి నా దగ్గరికి దాలమ్మ వచ్చింది. బడి వ్యాను నడిపే పని కుదిరింది. లైసెన్సు చూపిస్తే సోమవారం నుంచి పద్నాలుగు మంది పిల్లలు ఆమె చేతిలో.

పరీక్షలో ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా కదలాలి. ఆమె తొక్కకముందే ఆమె కాలికింద బ్రేకు తనంతట తానే దిగింది. పక్కకి చూసింది.

"మాస్టారూ, కాళ్లు పైకి పెట్టుకుని మఠం వేసుకోండి."

"ఊరుకోమ్మా. చేతికొచ్చిన పని పోతాది."

"రేపు వ్యానులో మీరొచ్చి కూకుంటారేటి?"

మాస్టారు మఠం వేసుకున్నారు. పదహారేళ్ల పరువు నాది, నిలబడి చూపిద్దామనుకున్నాను. తీరా ఆమె కదిలించబోయేసరికి గడగడా వెనక్కి జారి, హద్దు గుంజని పడగొట్టాను. ఇనస్పెక్టరుగారు కుర్చీలోంచి లేవగా చూడటం నాకదే మొదలు. తప్పిందని రాసేశారు.

దాలమ్మ బడికెళ్లి నెల గడువడిగింది. అక్కడి పెద్దమాస్టారు సణుగుతూనే ఇచ్చారు. ఆ నెలంతా నన్ను ఎత్తెక్కించి, ఆపి, కదిలించి, క్లచ్చి కంపు కొట్టించింది. రెండోసారి పరీక్షకి మాస్టారు పక్కసీటు బ్రేకు ఊడదీయించారు. ఆమె గెలిచింది. ఆమె తర్వాత నన్నెక్కిన తొమ్మిది మందిలో ఆరుగురు తప్పారు. నా పేరు మట్టికొట్టుకుపోయింది. స్కూలు మూతబడింది, నేను పాత ఇనుము కొట్టుకి చేరాను.

కొట్టు ముందు రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. రోజూ పొద్దున్న గేదెల మంద అడ్డొస్తే దాలమ్మ వ్యాను అక్కడ ఆగుతుంది. పిల్లలు కిటికీల్లోంచి నా తుప్పుని చూసి వెక్కిరిస్తారు. మంద దాటాక వ్యాను అంగుళం కూడా జారకుండా ముందుకెళ్లిపోతుంది. ఇన్ని కోతలు కోసిన నేను ఈ ఒక్కటీ గొప్పగా చెబుదామనుకుంటాను. చెప్పడానికి అక్కడ ఏమీ జరగదు.