తిప్పుడమ్మ తిప్పి పంపిన సెట్టు

ఆ ఉదయం ఇంకొక్కరు ‘చింతపడకు’ అని ఉంటే పళ్ళు రాలగొట్టేదాన్ని. తొమ్మిది కాకముందే మా ఆయన అక్క నాలుగుసార్లు అంది. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ, మధ్యలో ఒక కన్ను తెరిచి నన్ను చూసి, “చింతపడకమ్మాయ్, ప్రభువు చూసుకుంటాడు” అంటుంది. మళ్ళీ ఆ కన్ను మూసేస్తుంది. మా ఆయన గోడకి ఆనుకుని చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి నోరు విప్పడు, అదొక మంట నాకు.

లోపల టేబుల్ మీద బోర్లా పడుకున్నది నా కూతురు. పన్నెండేళ్ళది. వెన్నెముక ఒక పక్కకి వంగిపోయింది, సరిచేస్తున్నారు. ఎముక దాకా కోసే ఆపరేషన్. క్రిమి ఒక్కటి చేరినా పిల్ల మంచానికి అతుక్కుపోతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళుగా ఇదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో, ఆపరేషన్ సామాన్లు కడిగి సర్ది ఆవిరి యంత్రంలోకి పంపే పని నాది.

కత్తులూ కత్తెర్లూ పట్టుకార్లూ లెక్కపెట్టి ట్రేలో పేర్చి, మధ్యలో ఒక కాగితం పట్టీ పెట్టి, నీలం గుడ్డ రెండు చుట్లు చుట్టాలి, సెట్టంటే అదీ. ఆవిరి లోపలిదాకా వెళ్తే ఆ పట్టీ పసుపు నుంచి నలుపుకి మారుతుంది. పట్టీ లేకపోతే ఆ సెట్టు శుభ్రమైందో లేదో చెప్పగలిగేవాళ్ళు ఉండరు. అందుకే మా దగ్గర ఒక పద్ధతి. ఒకరు సర్దితే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి.

నిన్న మధ్యాహ్నం ఆ పద్ధతిని నేనే కాలరాశాను. నా కూతురి సెట్టు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వనన్నాను. నాతో జోడీగా పనిచేసే ఆవిడ, పాపం, “ఒక్కసారి చూస్తానక్కా” అని దగ్గరికి వస్తే, “నా పిల్ల సామాను నాకంటే నీకు బాగా తెలుసా? సంతకం పెట్టి పో” అని అరిచాను. బిక్కచచ్చి సంతకం పెట్టి పోయింది.

బెంచీ మీద కూర్చుని ఆ సెట్టే మనసులో మళ్ళీ సర్దుకుంటున్నాను. కత్తెర్లు, పట్టుకార్లు, ఎముక గీకే పనిముట్లు. తర్వాత పట్టీ. పట్టీ పెట్టానా? పెట్టే ఉంటాను. రెండు వారాలుగా నాకు నిద్ర లేదు, అన్నం సయించదు, దువ్వెన చేత్తో పట్టుకుని దువ్వెన కోసం వెతుకుతున్నాను. చెమట తుడుచుకుందామని నిన్నటి నుంచి విప్పని పని కోటు జేబులో చెయ్యి పెట్టాను.

పట్టీ చేతికి తగిలింది. బయటికి తీసి చూశాను, పసుపుగానే ఉంది.

లేచి తలుపు కొట్టాలి, అరవాలి. లేవలేదు. పిల్లని లోపలికి తీసుకెళ్ళి అప్పటికే అరగంట దాటింది. చెబితే ఉద్యోగం పోతుందన్న ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు! కన్నతల్లికి ఆ క్షణంలో అలాంటి ఆలోచన వచ్చిందే, దానికి నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

వదిన నా మొహం చూసి భయపడింది. “ఏమైందమ్మాయ్? రా, ప్రార్థన చేద్దాం.”

“నువ్వే చేసుకో! నీ మాటేగా వింటాడు!” అని కసిరాను. అన్నానే గానీ, మరుక్షణం నోరు పెట్టుకుని పైకే మొదలుపెట్టాను. కన్నీళ్ళ ప్రార్థన కాదది, పోట్లాట.

“నీకు కళ్ళు లేవా ప్రభువా? నిన్న నేను పట్టీ జేబులో వేసుకుంటుంటే ఎటు చూస్తున్నావు? రెండు వారాలుగా నేనొక్కదాన్నే కాపలా కాస్తున్నాను. డాక్టర్ని నమ్మలేదు, జోడీని నమ్మలేదు, నిన్ను అసలే నమ్మలేదు. అన్నీ నేనే చూసుకుంటానన్నాను. చూసుకున్న సొగసు ఇది! ఈ పిల్ల నాదొక్కదానిదేనా? నీకు పట్టదా? పడితే తీసుకో, నా చేతుల్లోంచి తీసుకో. నావల్ల కావట్లేదు!”

అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. మా ఆయన తలెత్తాడు. నావల్ల కావట్లేదన్న మాట పైకి అన్నాక, గొంతు మీంచి ఎవరో కాలు తీసినట్టు ఊపిరి ఆడింది. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. లేచాను. వెళ్ళి రెండు చేతులతో థియేటర్ తలుపు బాదాను.

తలుపు తీసింది తిప్పుడమ్మ. అది మేం పెట్టిన పేరు. థియేటర్‌లో పెద్ద నర్సు ఆవిడ. కింద నుంచి మేం పంపిన సెట్లలో గుడ్డ మీద చిన్న మరక కనిపించినా, ముడి వదులుగా ఉన్నా, చీటీ రాసి తిప్పి పంపేస్తుంది. పదకొండేళ్ళలో నేను ఆవిణ్ణి తిట్టని రోజు లేదు.

“ఏంటా చప్పుడు?” అంది.

“సిస్టర్, ఆ సెట్టు వాడకండి,” అని పట్టీ చూపించాను. “లోపల పట్టీ లేదు. తప్పు నాదే. జోడీని నేనే చూడనివ్వలేదు.”

“తెలుసు. విప్పగానే చూశాను. పట్టీ లేదని అప్పుడే కిందికి తిప్పి పంపాను. వేరే సెట్టు విప్పాకే మొదలుపెట్టారు. చీటీ నీ బల్ల మీదే ఉంటుంది, వెళ్ళి చదువుకో.”

“నా కూతురని...”

“ఎవరి కూతురైతే ఏంటి? నేను అందరికీ అలాగే చూస్తాను,” అని తలుపు మూసేసింది.

బెంచీ మీద కూలబడ్డాను. వదిన లేచి నా తల పొట్టకి అదుముకుని, “చూశావా, నువ్వు అడక్కముందే చేసేశాడు” అంది.

“నోరు మూసుకో వదినా,” అన్నాను ఏడుస్తూ. కానీ ఆవిడ చెయ్యి మాత్రం నేను వదల్లేదు. ఆ తర్వాత మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. లోపల ఏ చెయ్యి ఏం చేస్తుందో ఊహించుకోలేదు. భయం తలెత్తినప్పుడల్లా ‘నీ చేతుల్లో పెట్టాను, గుర్తుందిగా’ అని గదమాయించాను. ప్రభువునే. పెట్టిన చోటు నుంచి పిల్లని మళ్ళీ వెనక్కి లాక్కోలేదు, రెండు వారాల్లో మొదటిసారి.

మధ్యాహ్నం తిప్పుడమ్మ బయటికి వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగి, “బాగా జరిగింది. కాలి వేళ్ళు కదుపుతోంది” అంది. మా ఆయన గోడకి తిరిగి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఆవిడ వెళ్ళబోయి ఆగింది.

“పొద్దున మత్తు ఇచ్చేముందు నీ కూతురు నన్నో మాట అడిగింది. ‘మా అమ్మ రోజూ తిట్టే సిస్టర్ మీరేనా’ అని.”

నాకు తల కొట్టేసినట్టయింది.

“నేనేనన్నాను. ‘అయితే నాకు భయం లేదు, మీరు చిన్న తప్పు కూడా వదలరట కదా’ అంది. కళ్ళు మూసుకుంది.”

ఆ మాట పిల్లకి చెప్పింది నేనే. ప్రతి రాత్రీ అన్నం దగ్గర పళ్ళు నూరుతూ చెప్పాను. అదే మాట పట్టుకుని అది ధైర్యంగా పడుకుంటే, నేను బయట చచ్చి బతికాను.

కళ్ళు తుడుచుకుని లేచాను. “పిల్ల మొహం చూసి కిందికి వెళ్తాను సిస్టర్,” అన్నాను. “ఆ సెట్టు మళ్ళీ సర్దాలి. ఈసారి జోడీ చూశాకే పైకి పంపుతాను.”

“ఆవిడ చూశాక కూడా నేను చూస్తాను,” అంది తిప్పుడమ్మ.

“చూడండి,” అన్నాను.