బాబాయి తలకి డికాక్షన్

మా బాబాయి టీ మాస్టర్. ఆయన టీ వాసన తగిలితే పాడె మీదున్నవాడు కూడా లేచి కూర్చుని, చక్కెర కాస్త తగ్గించమంటాడని మా వీధిలో చెప్పుకుంటారు. అది నేను చూడలేదు. డ్యూటీలో గుర్రుపెట్టే పోలీసాయన లేచి కూర్చోవడం మాత్రం ఈ కళ్ళతో చూశాను.

పెళ్ళి ఊసు లేకుండానే యాభై దాటించేసిన మా బాబాయికి, ఎదురుగా బేకరీ నడిపే ఆవిడ మీద మనసు పడింది. ఆవిడా ఒంటరి మనిషే. ఆదివారం రండి, మాట్లాడుకుందాం అని కబురు పెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. అంతకుముందు ఆవిడని చేసుకుంటానని వచ్చినాయన జుట్టుకి నల్లరంగు పులుముకుని, పుట్టుకతోనే ఇంత నలుపని కోతలు కోశాడట. అదే సమయానికి వాన దంచితే ఆ పుట్టుక కాస్తా కాలరు మీదికి కారిందట. రంగేసుకుంటే వేసుకున్నాడు, అబద్ధమాడేవాడితో నాకు పొసగదని ఆవిడ పంపించేసింది.

మా బాబాయి తలేమో ముగ్గుబుట్ట.

"నల్లగా వద్దు తల్లీ. ఒక్క పిసరు తెలుపు తగ్గితే చాలు. చూసినవాళ్ళకి ఏదో బాగుందనిపించాలి, ఏం బాగుందో అంతుపట్టకూడదు," అన్నాడు నాతో.

చిక్కటి డికాక్షన్ చల్లార్చి పట్టిస్తే తెల్లజుట్టుకి కాస్త రంగు వస్తుందని ఎక్కడో విన్నాను. అదే చెప్పాను. ఆ మాటకి బాబాయి మొహం చేటంత అయింది. డికాక్షన్ కాచడం ఆయనకి ఇంకొకరు చెప్పాలా?

శనివారం సాయంత్రం కొట్టు కట్టేసి స్టవ్ ముట్టించాడు. నేను తువ్వాలు, దువ్వెన వెతికి తెచ్చేసరికి కాచడం, వడకట్టడం అన్నీ అయిపోయాయి. చల్లారాక గుడ్డ ముంచి పాయపాయకీ అద్దాను. వేళ్ళకి జిగటగా తగిలింది. మంచి రకం ఆకు కాబోలనుకున్నాను. కడిగితే రంగు పోతుందేమోనని అలాగే పడుకోబెట్టాను.

తెల్లారి చూస్తే ఏం చెప్పను, తెలుపు పోయింది, అలాగని నలుపూ రాలేదు. పలచటి టీ రంగు. కాకపోతే జుట్టు కంచె తీగలా బిగుసుకుపోయింది. దువ్వెన పెడితే పళ్ళన్నీ అందులోనే ఉండిపోయి, చేతికి పిడి మిగిలింది. టోపీ పెడితే తలకి జానెడు ఎత్తున నిలబడింది. వీధిలోకి వెళ్ళేసరికి ఒకటే ఆరాలు. కళ్ళజోడు మార్చావా అని టైలరు, పళ్ళు కట్టించుకున్నావా అని చెప్పులు కుట్టే ఆయన. పాల వ్యాన్ డ్రైవరైతే బండి ఆపి, బాబాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఏమీ తేలక తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

మేం బేకరీలో అడుగు పెట్టాం. ఆవిడ అద్దాల బీరువా మీద ఎప్పుడూ తేనెటీగలు ముసురుకుని ఉంటాయి, తోలలేక ఆవిడ చేతులు పడిపోతుంటాయి. ఆ రోజు అవన్నీ ఒక్కసారిగా లేచి, తీపి బన్నుల వంక కూడా చూడకుండా, వచ్చి బాబాయి నెత్తిన వాలాయి.

ఆవిడ ఒక్క తేనెటీగా లేని బీరువా వంక చూసింది. బాబాయి తల వంక చూసింది.

"మాస్టారూ, తలకి ఏం పెట్టారు?"

ఏదో కొత్త నూనె అంటే సరిపోయేది. బాబాయి నా వంక చూశాడు, నేను రొట్టెల వంక చూశాను.

"డికాక్షనండీ. తెలుపు కాస్త తగ్గుతుందని," అన్నాడు, గొంతు నూతిలోంచి వచ్చినట్టు.

"డికాక్షన్‌కి తేనెటీగలు వస్తాయా?"

బాబాయి ఆలోచనలో పడ్డాడు. అసలు సంగతి ఆయనకి మెల్లగా వెలిగింది. "చక్కెర పడుంటుందండీ. ఆకు మరిగిందంటే చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది."

ఆవిడ తేనెటీగలని ఇటూ అటూ జరిపి, ఒక పాయని వేలితో రాసి, నాలిక్కి తగిలించి చూసింది.

"ఏలకులు కూడా వేశారు."

"వేసే ఉంటానండీ."

"పాలు పొయ్యలేదు, నయం," అని, నవ్వాపుకోలేక కౌంటర్ పట్టుకుని వంగిపోయింది. కళ్ళు తుడుచుకున్నాక చెప్పింది: "వెళ్ళి తల కడుక్కుని రండి, మాట్లాడుకుందాం. రంగు నిలిస్తే ఉండనివ్వండి. పోతే ఈసారి నేను పెడతాను."

రంగు సగమే నిలిచింది. ఇప్పుడు మా పిన్నే పెడుతోంది, చక్కెర డబ్బా బీరువాలో దాచి మరీ. తేనెటీగలు మాత్రం ఆశ చావక ఆదివారం ఆదివారం వచ్చి, బాబాయి తల వాసన చూసి, మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోతున్నాయి.