పన్నెండో చెంచా

పళ్ళ డాక్టరు ప్రాక్టీసు మానేసిన తర్వాత ఆయనకు పాత వెండి తప్ప మరో లోకం లేకుండా పోయింది. హాల్లో మూడు అద్దాల బీరువాల నిండా కొవ్వొత్తి స్టాండ్లు, పంచదార గిన్నెలు, ఉప్పు డబ్బీలు. అడుగున ఉన్న ముద్రను భూతద్దంలో చూసి అది ఎవరి చేతిపనో చెప్పేవాడు. భార్య బతికున్నప్పుడు, "నన్నెప్పుడైనా అంత దగ్గరగా చూశారా?" అని దెప్పేదట. ఆ మాట ఆయనే అందరికీ చెప్పి నవ్వేవాడు.

ఒకసారి పాతసామాన్ల దుకాణంలో ఆయనకు పదకొండు వెండి చెంచాలు దొరికాయి. ప్రతి పిడి చివరా రెక్కలు ముడుచుకున్న పిచ్చుక, ఈక ఈకా చెక్కి ఉంది. పన్నెండోది ఏదని అడిగాడు. ఇల్లు ఖాళీ చేస్తూ ఒకావిడ అమ్మేసిందనీ, ఆ ఒక్కటీ మాత్రం ఆవిడ తల్లి వదల్లేదనీ, ఆ ముసలావిడ ఊరి చివర వృద్ధాశ్రమంలో ఉందనీ దుకాణదారు చెప్పాడు. బీరువాలో ఆ ఖాళీ డాక్టరుకు పంటికింద రాయయింది.

వారం తిరక్కుండా ఆశ్రమానికి వెళ్ళి, అందరికీ ఉచితంగా పళ్ళు చూస్తానన్నాడు. వాళ్ళు కళ్ళకద్దుకున్నారు.

ముసలావిడకు మతి పూర్తిగా పోయింది. కూతురొచ్చినా గుర్తుపట్టేది కాదు. చెంచాను మాత్రం గుర్తుపట్టేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ దాంతోనే తినిపించేదట. అంచు మీద ఆవిడ పాలపళ్ళ నొక్కులు ఇంకా ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా చూసుకుంటున్న ఆయా దాంతోనే జావ తాగించి, కడిగి, మళ్ళీ ఆవిడ గుప్పిట్లో పెట్టేది. వేరే చెంచా నోటికి తగిలితే ఆవిడ పెదవి విప్పదు.

డాక్టరు ముసలావిడ కూతుర్ని కలిసి, మిగతావి కొన్నది తనేనని చెప్పి, ఆ ఒక్కటీ ఇమ్మని అడిగాడు.

"అమ్మ ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి డాక్టరుగారూ. తర్వాత మీకే ఇస్తాను," అందామె.

ముసలావిడ గుండె గట్టిదని, ఇంకో పదేళ్ళకు ఢోకా లేదని నర్సు మురిసిపోతూ చెప్పింది. డాక్టరుకు డెబ్బై ఒకటి.

మర్నాడు ఆయా గిన్నెలు కడగడానికి వెళ్ళినప్పుడు, ఆయన పళ్ళ అచ్చు తీసే ముద్దలో చెంచాను నొక్కాడు. ఇంట్లో తన పనిముట్లతోనే నకలు పోతపోసి, వెండి పూత వేయించాడు. పాలపళ్ళ నొక్కులు కూడా దిగాయి. ఇన్నేళ్ళ వృత్తిలో అంత చక్కని పని చెయ్యలేదనుకున్నాడు. మరుసటి వారం ముసలావిడ నిద్రలో ఉండగా గుప్పిట విప్పి, ఒకటి తీసి ఒకటి పెట్టాడు.

సాయంత్రం ఆవిడ మొదటి గుక్క ఉమ్మేసింది. చెంచా వంక చాలాసేపు చూసి, "ఇది అమ్మది కాదు," అంది. నెలల తరబడి ఆవిడ నోట ఒక్క పూర్తి మాట వినని ఆయా హడలిపోయింది. ఆ తర్వాత ఆ నోరు తెరుచుకోలేదు.

ఆవిడ ఏమీ తినడం లేదని విని, అయిదో రోజు డాక్టరు అసలు చెంచా జేబులో వేసుకుని ఆశ్రమం గేటు దాకా వెళ్ళాడు. కారులో కూర్చుని బొటనవేలితో పిచ్చుక ముక్కు తడిమాడు. కారు వెనక్కి తిప్పుకున్నాడు.

ఆరో రోజు వాళ్ళే పిలిపించారు. కూతురు మంచం పక్కనే ఉంది. డాక్టరు టార్చి వేసి నోరు చూసి, చిగుళ్ళు వాచాయనీ, అందుకే తినడం లేదనీ చెప్పి ఏదో మందు రాశాడు.

"చిగుళ్ళకేం కాలేదండీ," అంది ఆయా. "చెంచా మారింది. రోజూ కడిగేదాన్ని, బరువు నాకు తెలీదా?"

డాక్టరు చెంచా అందుకుని, భూతద్దం తీసి, తాపీగా తిప్పి చూశాడు.

"నిజమే. ఇది ఉత్త పూత. ఎవరో మార్చేశారు." ఆయా వైపు తిరిగాడు. "కడిగేది నువ్వే కదమ్మా?"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుందని ఆశ్రమం మేనేజరు అన్నాడు. ఆయా వెళ్ళి ముసలావిడ కూతురి కాళ్ళు పట్టుకుంది. తన బిడ్డల మీద ఒట్టేసింది. ముసలావిడ ఆయా కోసం చెయ్యి చాచింది గాని అటు ఎవరూ చూడలేదు. ఆ పూటే ఆయాను పంపించేశారు. ఆ ఊళ్ళో మరెవరూ ఆమెకు పనివ్వలేదు.

ముసలావిడకు సెలైను పెట్టారు. ముక్కులోంచి గొట్టం వేస్తే పీకేసుకుంది. మూడో వారంలో పోయింది.

డాక్టరు పరామర్శకు వెళ్ళాడు. కూతురు ఆయన్ను చూడగానే భోరుమంది. పరాయి మనిషయినా తన తల్లిని అంత శ్రద్ధగా చూశారని, ఈ రుణం తీర్చుకోలేనని అంది. డాక్టరు ఆమె కన్నీళ్ళు ఆగేదాకా ఓపిగ్గా కూర్చుని, ఆ చెంచాలకు మొదట్లో పెట్టె ఏదైనా ఉండేదా అని అడిగాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళి, ఒక పెట్టెలోని దారపుండలు మంచం మీద ఒంపేసి తెచ్చి ఇచ్చింది. లోపల నీలం మఖ్మల్ గుడ్డలో పన్నెండు గుంటలు.

"ఆ పన్నెండోది మీకిస్తానన్నాను. ఆ దొంగముండ నన్ను మాట తప్పేలా చేసింది," అందామె.

"పోనివ్వమ్మా. ఎవరి పాపం వాళ్ళదే," అన్నాడు డాక్టరు, మూత తెరిచి మూస్తూ, మడతబందులు వదులయ్యాయేమో చూసుకుంటూ.