కాళ్ళున్న పెట్టె

సువార్తమ్మకు కోడలి మీద అనుమానం ఒక నూలుదారం దగ్గర పుట్టింది.

మధ్యాహ్నం వీధరుగు మీద గోడకు చేరబడి కునుకు తీస్తుంటే, మోకాలి దగ్గర చీమ పాకినట్టయింది. ఒక కన్ను కొంచెం తెరిచి చూసింది. చీమ కాదు, వడ్రంగి కూర్మయ్య. మోకాలి నుంచి మడమ దాకా దారం పట్టి కొలుస్తున్నాడు. పక్కన కోడలు షీబా. "మెల్లిగా, లెగిసిపోతాది" అని గుసగుసలాడుతోంది.

మరి కూర్మయ్య ఎవరనుకున్నారు? సాలూరులో లారీలకు చెక్క బాడీలు కట్టి కట్టి, వయసు మళ్ళాక సొంతూరు చేరినవాడు. మిషను పేటలో ఎవరు ప్రభువు దగ్గరకు వెళ్ళినా పెట్టె చేసేది అతనే. ఆ పేటలో బట్టలు దాచుకునేదాన్ని ట్రంకు అంటారు. పెట్టె అన్నారంటే ఇంక ఒకటే పెట్టె. సువార్తమ్మ పెనిమిటి కృపానిధి మేస్త్రీ వెళ్ళిందీ కూర్మయ్య చేసినదాంట్లోనే.

బతికున్న మనిషికి కొలతలేమిటి దేవా, అనుకుని కన్ను మూసేసుకుంది గానీ, ఇంక నిద్ర ఎక్కడిది!

మర్నాడు పొద్దున్నే పెరట్లో చిత్రిక చప్పుడు. హుద్‌హుద్ గాలివానకు కూలిన పనసచెట్టును కోయించి ఆరబెట్టిన చెక్కలున్నాయి, వాటినే కూర్మయ్య నున్నగా చిత్రిక పడుతున్నాడు. మేస్త్రీ నాటిన చెట్టది.

"ఏటి సేయిస్తన్నావే?" అని కోడలినడిగింది.

"ఏటో ఒకటిలే అత్తా. అయ్యేక సూద్దువు."

అయ్యాక చూడ్డానికి నేనుండొద్దూ, అనుకుంది సువార్తమ్మ. పెరటి గుమ్మం వెనక చెవి ఒగ్గి నిలబడింది.

"పెట్టెకి పక్కల కన్నాలెడతానమ్మా. గాలాడకపోతే వోసనొచ్చేస్తాది" అంటున్నాడు కూర్మయ్య.

"నీ ఇష్టం. మెత్తగా మాత్రం ఉండాల. ముసిల్ది కదా, ఎముకలు ఒత్తుకుంటాయి. ఆయన లారీ దిగేలోపు అయిపోవాల సుమీ" అంది షీబా.

సువార్తమ్మ చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిగింది. కొడుకు థామస్ రాయపూర్ లోడు మీద వెళ్ళాడు. వాడు లేకుండా చూసి మొదలెట్టారన్నమాట! పెళ్ళై వచ్చినప్పుడు అన్నం వార్చడం కూడా రాని పిల్ల. పక్కన నిలబడి నేర్పింది. ఆ పిల్లేనా తన చావు కోసం చూస్తున్నది?

సరే, చచ్చేటట్టు కనబడకపోతే సరి. అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది. దగ్గు వస్తే నోట్లో కొంగు కుక్కుకుంది. కోడలు చూసేటప్పుడే నూతిలో బొక్కెన వేసి తోడింది.

"ఏటత్తా, కుర్రదానివైపోతన్నావు!"

"మరేటనుకున్నావు? మాయమ్మ వొందేళ్ళు బతికింది" అంది సువార్తమ్మ. వాళ్ళమ్మ నలభై దాటకుండానే పోయిందని కోడలికేం తెలుసు!

ఆదివారం మోకాళ్ళ నొప్పి వంక పెట్టి చర్చికి వెళ్ళలేదు. షీబా గడప దాటగానే పెరట్లోకి నడిచింది. కూర్మయ్య టీకి వెళ్ళినట్టున్నాడు. చెక్క మీద కప్పిన బరకం పై సగం గుంజి చూసింది. పసుప్పచ్చటి పనస చెక్క. పొడుగ్గా, మూత లేకుండా, ఏం సందేహం లేదు, పెట్టే.

అటూ ఇటూ చూసింది. చీర ఎగదోపుకుని, అంచు పట్టుకుని, లోపలికి ఎక్కి పడుకుంది. తల ఇమిడింది, నడుం ఇమిడింది. కాళ్ళు మాత్రం మోకాళ్ళ దగ్గర నుంచి అంచు మీద వేలాడిపోయాయి.

భయం పోయి కోపం వచ్చింది.

"ఒరే కూర్మయ్యా! ఎక్కడ సచ్చేవురా!"

పరుగెత్తుకొచ్చిన కూర్మయ్య నోట్లో బీడీ కింద పడింది.

"పొట్టి సేసినావేట్రా! మా మేస్త్రీకి నిండా సేసినావు, నా కాడికొచ్చేసరికి చెక్క సాల్లేదా? కాళ్ళు ఇలగ బైటికి ఏలాడేసి తీసుకెల్తారా నన్ను?"

"కాళ్ళు బైటే ఉండాల తల్లీ! అది కూకునేది. వంటింట్లో బెంచీ! లోపల ఉల్లిపాయలకి పెట్టె, పైన మూత మీద స్పాంజీ, రెగ్జినూ. కింద నాలుక్కాళ్ళు కనబడ్డంనేదా? సచ్చినోళ్ళ పెట్టెకి కాళ్ళెందుకమ్మా, నడిసెల్తారేటి?"

సరిగ్గా అప్పుడే, చందా కవరు మరిచిపోయి వెనక్కొచ్చిన షీబా గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో బైబిలు. పెట్టెలో అత్త. విషయం అర్థమై మొహం చిన్నబోయింది.

"అయితే, నేను నీకు పెట్టె సేయిస్తన్నానని అనుకున్నావా అత్తా?"

సువార్తమ్మ ఆకాశం వంక చూసింది.

"పీట మీద కూకుని లెగనేక గోడట్టుకుని ఏడస్తన్నావని సేయిస్తన్నాను. నీకు సెప్తే వొద్దంటావు. మీ అబ్బాయి ప్లాస్టిక్ కుర్సీ తెస్తానంటాడు. అందులో నీ కాళ్ళు నేలకి ఆనవు. అందుకే మోకాలు కొలిపించేను."



"ముందు నన్ను లెగదియ్యవే" అంది సువార్తమ్మ, కాళ్ళాడిస్తూ. "నడుం పట్టేసింది."

కూర్మయ్యకు నవ్వాగలేదు. తర్వాత షీబాకూ ఆగలేదు. చెరో రెక్కా పట్టుకుని లేపారు.

థామస్ వచ్చేసరికి బెంచీ వంటింటి గోడకు చేరింది. ఎర్ర రెగ్జిను మీద కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, సువార్తమ్మ బెండకాయలు కోస్తోంది.

"ఇదేటమ్మా?"

"నా పెట్టేరా. బతికుండగా కూకోమని మీ ఆవిడ సేయించింది" అంది సువార్తమ్మ, కోడలి వంక చూడకుండా. "కన్నాలు ఇంకొన్ని ఎట్టించాల. ఉల్లిపాయలు కుళ్ళిపోతాయి."